కుయెస్తా

శాన్ లూయిస్ ఒబిస్పో ఊరి పొలిమేర దాటగానే
రోడ్డు నడుం విరుచుకుని పైకి లేస్తుంది.
కుయెస్తా అంటారు దాన్ని. స్పానిష్‌లో వాలు.
లారీలు చిన్న గేరులో మూలుగుతూ ఎక్కుతాయి,
దిగేటప్పుడు బ్రేకులు మాడిన వాసన
మా ఆసుపత్రి పార్కింగు దాకా వస్తుందని
నైట్ డ్యూటీ వాళ్ళంటారు. నేను నమ్మను.

నాది ఎక్స్‌రే గది.
ఊపిరి బిగబట్టండి, అంటాను. బొమ్మ తీస్తాను.
వదలండి, అంటాను.
పదకొండేళ్ళుగా ఈ ఊరి ఊపిరి
నా మాట మీద ఆగి, నా మాట మీద నడుస్తోంది.

మొన్న మంగళవారం ఎవరిస్టో అరెయానో వచ్చాడు.
డెబ్బై నాలుగేళ్ళు. చొక్కా జేబులో ఇంకా గడ్డి నలుసులు.
మోపుల ట్రక్కు పక్కకి ఒరిగిందట.
ఎక్కడ, అని అడిగాను.
కుయెస్తాలో, అన్నాడు.
నేనడిగింది ఒంట్లో చోటు.
ఆయన చెప్పింది రోడ్డు మీద చోటు.
ఇద్దరం ఒకే మాట దగ్గరికి వచ్చి ఆగాం.

ఊపిరి బిగబట్టండి.

తెర మీద పన్నెండు జతల వాలులు,
వెన్ను దగ్గర మొదలై ముందుకి దిగుతూ.
ఎడమ వైపు ఏడోదాని మీద సన్నని గీత.
ట్రక్కు ఒరిగింది ఇక్కడే.

కాకినాడలో బట్టీ పట్టిన రోజుల్లో
కోస్తా అంటే లాటిన్‌లో పక్కటెముక అని చదివి
హాస్టల్లో పడీ పడీ నవ్వుకున్నాం.
'కోస్తాలో అక్కడక్కడా ఓ మోస్తరు జల్లులు' అంటోంది రేడియో.
ఎవరి పక్కటెముకల్లో కురుస్తోందే ఈ వాన, అంది సత్యవేణి.

వేళాకోళం కాదని ఎన్నేళ్ళకో తెలిసింది.
ముందు ఎముక.
ఆనక ఎముకున్న పక్క.
కొండకి పక్క అయితే వాలు, నేలకి పక్క అయితే తీరం.
స్పెయిన్ వాళ్ళు 'ఓ'ని సాగదీసి కొండెక్కించారు,
పోర్చుగీసు వాళ్ళు ఉన్నదున్నట్టే ఓడెక్కించి
మన ఇసకలో దించిపోయారంటారు.
ఫ్రెంచి వంటింట్లో బుల్లి పక్కటెముకై
బ్రెడ్డు పొడి పూసుకుని, ఎముక పారేసుకుని,
పోగా పోగా మాంసాన్నీ వదిలేసి,
సామర్లకోట ప్లాట్‌ఫారం మీద
బీట్‌రూట్ కట్లెట్‌గా తేలింది ఒకత్తి.
తిన్నాను కూడా. చుట్టమని తెలీక
సాస్ ఇంకొంచెం వెయ్యమన్నాను.

మనం ఎదురు దారిన వచ్చాం.
మనకి ముందు పక్క.
పక్క వేసుకున్నాం, పక్కింట్లో తోడు పెరుగు అడిగాం,
పక్కకి తప్పుకున్నాం.
ఎముక తర్వాత తగిలించుకున్నాం దానికి.
రెండు దారులూ ఈ ముసలాయన ఛాతీలో...

అయ్యో. వదలండి, వదలండి.
ఎర్రబడిన మొహంతో దగ్గబోయి, నొప్పికి ఆగిపోయాడు.

గుండీలు పెట్టుకుంటూ అడిగాడు,
కువాంతో కుయెస్తా?
ఎంతవుతుంది అని.
అదే చప్పుడు. కానీ రక్తసంబంధం లేదు.
ఇంటిపేరు కలిసిందంతే.
దీని తాత లాటిన్‌లో 'నిలబడు' అన్న మాట.
వాళ్ళకి ధర నిలబడుతుంది.
మనకి పడుతుంది. కిలో ఎంత పడింది, అంటాం.
పడ్డది మాత్రం ఈయన.
నాకు తెలీదండీ, కిటికీ దగ్గర చెప్తారు, అన్నాను.
పదకొండేళ్ళుగా అదే మాట,
అదే కిటికీ వైపు వేలు.

డ్యూటీ దిగి అటాస్కడెరో ఇంటికి
ఆ వాలే ఎక్కాలి నేను.
ఒక మలుపులో రెయిలింగు వంగి ఉంది,
దానికి ఇంకా వేలాడుతున్న గడ్డి పరకలు.
కారు రేడియో ఇంగ్లీషులో చెబుతోంది,
రాత్రికి కోస్టు పొడుగునా పొగమంచు అని.
నువ్వూనా, అన్నాను దాంతో.

అద్దంలో చూస్తే, నిజమే,
సముద్రం వైపు నుంచి తెల్లగా
ఎముకకీ ఎముకకీ మధ్య సందుల్లోకి
ఎక్కుతోంది.